నీళ్లలో కరువు

హంద్రి ఎండిన మలుపులో, చౌడు తేలిన బీటి అంచున
సుంకమ్మ మోడ ఒక్కటే మిగిలింది.
తక్కిన మోడలన్నీ రోడ్డు కింద మట్టయినాయి,
దీన్ని మాత్రం జేసీబీ ఎందుకో తప్పుకుపోయింది.

చౌడుమట్టి గీరి, గుంతలో నానబెట్టి,
అడుగున గడ్డి పరిచి, చుక్క చుక్క దించుతుంది.
ఊటనీళ్లలో కోడిగుడ్డు వేసి చూస్తుంది.
తేలితే నవ్వుతుంది. మునిగితే సూర్యుణ్ణి తిడుతుంది.
నా మీటరు పద్దెనిమిది చూపేసరికి
ఆమె ఎప్పుడో గుడ్డు తీసి, కడిగి,
మనవడు ఉరుకుందుకి ఉడకేసింది.

నేను పోయింది ఉప్పు కోసం కాదు.
మడి మూలన కుంకుమ కలిపినట్టు
ఎర్రబారిన నీళ్ల కోసం.
"పాసి అది, మద్దిలేటీ. ఏం జేసుకుంటావప్పా?"

కాలేజీ ల్యాబులో, కరెంటున్న గంటన్నరలో,
మైక్రోస్కోపు కింద చూశాను.
గోడ లేని కణం. చొక్కా లేని పిల్లోడిలా
రెండు తోకలతో ఈదుతోంది.
ఎరుపు దాని గొడుగు, ఎండకి పట్టుకున్నది.
ఈ ఉప్పులో మన ఒంటి కణమైతే
ఎండు చింతపండులా ముడుచుకుపోయేది.
ఇది లోపల తియ్యటి జిగురు వండుకుంటుంది.
బయట ఉప్పు ఎంత లాగితే
లోపల తీపి అంత లాగుతుంది.

మరి గడప బయట నిలబడిన ఎంజైము సంగతి?
నీళ్లలో కరిగిన గాలిని విడదీసి
లోపలికి అందించే పని దానిది.
దానికి తీపి చాటు లేదు.
రేయింబవళ్లు ఉప్పులోనే కాపలా.

నాకు అర్థమైంది మా వీధికి ట్యాంకరు వచ్చిన రోజు.
ఉప్పునీళ్లలో ప్రతి సోడియమూ ఒక బిందె పట్టుకొని
ముందే వరుసలో నిలబడి ఉంది.
మామూలు ప్రోటీనుకి గుక్కెడు మిగలదు.
తడి ఆరి, మడత చెదిరి,
ఒకదాని మీద ఒకటి పడి గడ్డకట్టిపోతాయి.
నీళ్ల నడుమ నీటి కరువు.
కర్నూలు వాళ్లకి ఇది వేరే చెప్పాలా?

ఎన్ని తరాలు పట్టిందో,
ఈ ఎంజైము తన పైతోలు మీద
ఒక్కొక్క అక్షరమే మార్చుకుంది.
పులుపు అక్షరాలు కొన్ని తెచ్చిపెట్టుకుంది,
తలా ఒక నీటిచుక్కని జారనివ్వకుండా పట్టుకునేవి.
సోడియం వచ్చి కూర్చునే అరుగుల్ని కొట్టేసింది.
నడిమధ్య, జింకు ఉండే గదిని మాత్రం
ముట్టుకోలేదు. పని జరిగేది అక్కడ.

నన్ను ఆపింది ఇంకొకటి.
ఒళ్లంతా పులుపు పూసుకున్న ప్రోటీన్లు వేరే జీవుల్లో ఉన్నాయి,
ఉప్పుకు బానిసలు. మంచినీళ్లలో వేస్తే
తమలో తామే నెట్టుకొని
విప్పిన తలపాగాలా విడిపోతాయి.
ఇది మితంగా మారింది.
ఉప్పు గొట్టంలో పనిచేసింది. ఉప్పు తీసేసిన గొట్టంలోనూ.
నమ్మలేక మళ్లీ చేశాను.
మూడోసారికి కరెంటు పోయింది.

చెప్పుదామని సాయంత్రం పోతే
సుంకమ్మ మంచం మీద ఉంది, పక్కన మందుల కవరు.
"బీపీ అంట. ఉప్పు మానల్లంట.
యాభై ఏండ్లు ఉప్పు దించినదాన్ని,
ఇంగేం తినల్ల నేను, గాలి తినల్లా?"

జవాబు లేక పాచి కథ చెప్పాను.
బిందెల దగ్గర తలూపింది.
జిగురు దగ్గర ఆవులించింది.
"ఉప్పు ల్యాకున్నా పనిజేస్తాదా అది?"
"చేస్తుంది."
చేతులు తిప్పి చూసుకుంది. వేళ్ల సందుల్లో
ఎన్నిసార్లు కడిగినా పోని తెలుపు.
"నా తోలు గూడా ఎప్పుడో మారుంటాదిలే.
గుండెకాయే, పాడుది, మారినట్టు లేదు."

మరునాడు పొద్దున ఉరుకుందు ఫోను:
"గుడ్డు తేలిందేమో సూసి రమ్మనింది అవ్వ.
తేలింది సార్.
ఉడకేసినాక దాని మీద
ఉప్పు సల్లల్లో వద్దో
మిమ్మల్ని అడగమనింది."